డాక్టరుగారు వచ్చేలోగా...

క్లినిక్‌లో ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలితే ముందుగా చేరేది డాక్టరే కానక్కరలేదు. చీటీలు రాసే గుమాస్తా కావచ్చు, ఆయా కావచ్చు. గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినసాగుతుంది. అందుకే బేసిక్ లైఫ్ సపోర్ట్, అంటే బి.ఎల్.ఎస్. శిక్షణ, నర్సులకే కాక రోగుల మధ్య పనిచేసే ప్రతివారికీ అవసరమని మేము నమ్ముతున్నాము.

ఏమి నేర్పుతారు? రోగిని తట్టి పిలవడం, సహాయానికి కేక వేయడం, ఊపిరి, నాడి పది సెకన్లలోపు చూడడం. పెద్దవారికైతే రొమ్ము నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కడం. ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వడం. రాతపరీక్ష ఒక్కటే చాలదు, బొమ్మపై చేసి చూపాలి.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే బి.ఎల్.ఎస్. కార్డు రెండేళ్లే చెల్లుతుంది. అయితే చేతులు కొన్ని నెలలకే మరచిపోతాయి. కాబట్టి గడువు వచ్చేదాకా ఆగక, మధ్యమధ్య సాధన చేయాలి.

మీరు వెళ్లే క్లినిక్‌లో "ఇక్కడ బి.ఎల్.ఎస్. నేర్చినవారు ఎవరండీ? కార్డు గడువు ఎప్పటిదాకా?" అని అడగండి. అది తప్పుపట్టడం కాదు, మీ హక్కు.

ఇంట్లో పెద్దవారెవరైనా పడిపోయి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే నీళ్లు తాగించకండి, లేపి కూర్చోబెట్టకండి. 108కు ఫోన్ చేయండి. శ్వాస ఇవ్వడం రాకపోయినా, అంబులెన్స్ వచ్చేదాకా రొమ్ము నొక్కుతూనే ఉండండి.