హోరు తగ్గింది... పాట వినిపించింది!

ఇష్టమైన బృందం ఆరేళ్ల తర్వాత కొత్త ఆల్బమ్ తెచ్చింది. పాటలు బాగున్నాయి. కానీ వింటుంటే చెవులు నొచ్చాయి. అభిమానులు అలిగారు, అడిగారు, ఎదురుచూశారు. పదకొండేళ్లకు అదే ఆల్బమ్ కొత్త శబ్దంతో వచ్చింది. అప్పుడు మాత్రం అందరూ ఒక్కమాట మీదున్నారా... అంటే, అదీ లేదు!

కెనడాలోని టొరంటోకి చెందిన 'రష్' రాక్ సంగీత ప్రపంచంలో పెద్ద పేరు. బృందంలో ఉన్నది ముగ్గురే. గెడ్డీ లీ పాడుతూ బేస్ గిటార్ వాయిస్తాడు. అలెక్స్ లైఫ్‌సన్ది గిటార్. డ్రమ్స్ వాయిస్తూ పాటలు రాసేది నీల్ పియర్ట్. 1974 నుంచీ సాగుతున్న ఆ స్నేహం 1997లో ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో పియర్ట్ ఒక్కగానొక్క కూతురు సెలీనా కారు ప్రమాదంలో చనిపోయింది. అప్పటికామెకు పందొమ్మిదేళ్లు. దాదాపు పది నెలలకే భార్య జాక్వెలిన్‌ను క్యాన్సర్ తీసుకుపోయింది. 'ఇక నేను రిటైరైనట్టే అనుకోండి' అని మిత్రులకు చెప్పేసిన పియర్ట్ మోటార్‌సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఉత్తర, మధ్య అమెరికాల్లో దాదాపు 88 వేల కిలోమీటర్లు తిరిగాడు. మిగతా ఇద్దరూ తొందరపెట్టలేదు. అతని స్థానంలో వేరొకరిని తీసుకోనూ లేదు.

2001లో ముగ్గురూ మళ్లీ స్టూడియోలో కలిశారు. అక్కడ దాదాపు ఏడాది కష్టం ఫలితమే 2002 మేలో విడుదలైన 'వేపర్ ట్రైల్స్'. విమానం వెళ్లాక ఆకాశంలో మిగిలే తెల్లటి చారలని ఆ పేరుకు అర్థం. కీబోర్డుల జోలికి పోకుండా గిటార్, బేస్, డ్రమ్స్‌తోనే పాటలన్నీ చేశారు. తొలిపాట 'వన్ లిటిల్ విక్టరీ' పియర్ట్ డ్రమ్స్ మోతతోనే మొదలవుతుంది. వాయించనన్న మనిషి మళ్లీ వాయిస్తున్నాడు... అభిమానులకు అంతకన్నా ఏం కావాలి! ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో ఆరోస్థానానికి చేరింది.

శబ్దం గోడకు గుద్దుకుంటే...
సంబరం తీరాక ఫిర్యాదులు మొదలయ్యాయి. తాళాల చప్పుడు బుస కొడుతోందనీ, గిటార్లన్నీ కలిసి ముద్దయిపోయాయనీ, నాలుగు పాటలయ్యేసరికి తలనొప్పి వస్తోందనీ అన్నారు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారికి బాధ ఇంకా ఎక్కువ!

దీనికి కారణం ఆ రోజుల్లో సంగీత పరిశ్రమను పట్టుకున్న శబ్దాల పోటీ. రెండు పాటలు వరసగా వింటే ఎక్కువ సౌండున్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఎవరి సీడీ ఎక్కువ మోగితే వాళ్లదే పైచేయి అనుకునేవారు. కానీ సీడీలో శబ్దానికో పైహద్దు ఉంటుంది. దాన్ని దాటలేరు కాబట్టి, మెల్లని శబ్దాలను కూడా పెద్దవాటి స్థాయికి లాక్కొచ్చారు. అప్పటికీ హద్దు మీరితే శబ్ద తరంగం కొస తెగిపోతుంది. కొండ శిఖరాన్ని చదును చేసినట్టన్నమాట. అలా తెగిన చోటల్లా గరగర. పైగా పాటలో ఎత్తుపల్లాలుండవు, అంతా ఒకటే హోరు. టీవీలో సీరియల్ మధ్య ప్రకటన రాగానే 'సౌండు తగ్గించండి' అని ఇంట్లో ఎవరో ఒకరు కేకేస్తారే... ఆల్బమ్ మొత్తం అలాంటి ప్రకటనే అయితే?

తాలింపుతో పోని మాడు వాసన
మరి రీమాస్టర్ చేస్తే సరిపోదా? ఇక్కడే ఉంది చిక్కు. గొంతు, గిటార్, డ్రమ్స్ విడివిడిగా రికార్డు చేసి, ఏది ఎంత వినపడాలో చూసి కలపడం మిక్సింగ్. అలా కలిపినదానికి చివరి మెరుగులు దిద్దడం మాస్టరింగ్. రీమాస్టర్ అంటే ఆ మెరుగులే మళ్లీ దిద్దడం. కూర మాడిపోయాక ఎంత ఘుమఘుమలాడే తాలింపు పెట్టినా మాడు వాసన పోదు కదా! 'వేపర్ ట్రైల్స్'లో లోపం మిక్సింగ్ దాకా పాకింది. బృంద సభ్యులే తర్వాత ఇంటర్వ్యూల్లో ఆ సంగతి ఒప్పుకున్నారు.

2009లో ఓ సంకలనం కోసం రెండు పాటలను మళ్లీ మిక్స్ చేయించారు. అవి విన్నవారు 'మిగతావీ చేయండి' అని పట్టుబట్టారు. చివరికి కెనడాకే చెందిన డేవిడ్ బాట్రిల్ ఆ బాధ్యత తీసుకున్నాడు. విడివిడి ట్రాకులతో మొత్తం ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేశాడు. 2013లో అది బయటికొచ్చింది.

గాయం కనపడాలా, మానాలా?
'ఇన్నాళ్లూ ఈ గిటార్ ఎక్కడ దాక్కుంది!' అని ఆశ్చర్యపోయినవారు ఎందరో. గెడ్డీ లీ గొంతు తేటగా వినిపించింది. డ్రమ్స్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ తెలిసింది. వినేవారి చెవులకు విశ్రాంతి దొరికింది.

పాతదే మేలన్నవారూ ఉన్నారు. మనిషి గుండె పగిలి ఉన్నప్పుడు పుట్టిన పాటలు కాస్త గరుగ్గా ఉంటేనే నిజమనిపిస్తుందని వాళ్ల వాదన. నునుపు చేశాక ఆ కసి తగ్గిందంటారు. పదకొండేళ్లు విన్న శబ్దానికి మనసు అలవాటుపడటమూ ఓ కారణం కావచ్చు. పాత ఫొటోకి రంగులద్దితే అందంగానే ఉంటుంది, కానీ ఇంట్లో పెద్దవాళ్లు గోడకున్న పాతదాన్నే చూసుకుంటారు!

ఇప్పుడు స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి మరీ పెద్దగా మోగే పాటల సౌండును వాటంతటవే తగ్గిస్తున్నాయి. అంటే, పాటను పాడుచేసుకుని మరీ హోరు పెంచినా దక్కేదేమీ లేదు. నీల్ పియర్ట్ 2020 జనవరి 7న మెదడు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అంత దుఃఖం దాటొచ్చి అతను వాయించిన ఒక్కో దెబ్బా ఇప్పుడు విడిగా, స్పష్టంగా వినిపిస్తోంది. అభిమానులు అంతకాలం పట్టుబట్టింది అందుకే.