‘డోంట్’ ఎక్కడ.. ‘డు నాట్’ ఎక్కడ?

ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఓ కంపెనీకి కవరింగ్ లెటర్ రాశాను. మర్నాడు పొద్దున్నే మెయిల్ చేయాలి. రాత్రి హాస్టల్‌లో సీనియర్ అన్న ఒకరు చూసి, ‘ఏంట్రా ఇది? నిండా షార్ట్ ఫామ్‌లే. ఫార్మల్ లెటర్‌లో ఇవి ఉండకూడదు’ అన్నాడు. అప్పటికే పన్నెండు దాటింది. ఒక్కొక్కటీ వెతికి దిద్దే ఓపిక లేదు. వర్డ్‌లో ‘రీప్లేస్ ఆల్’ ఉండగా మనకెందుకు దిగులు అనుకున్నా. అపాస్ట్రఫీ ఉన్న ‘ఇట్స్’ ఎక్కడున్నా ‘ఇట్ ఈజ్’గా మారిపోయేలా ఒక్క క్లిక్ కొట్టి పడుకున్నా.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ప్యానెల్‌లో ఒకాయన నా లెటర్ ప్రింటవుట్ ముందు పెట్టుకుని, ఓ వాక్యం కింద పెన్నుతో గీత గీశారు. ‘ఇట్స్ బీన్ టూ ఇయర్స్ సిన్స్ ఐ స్టార్టెడ్ కోడింగ్’ అని నేను రాసుకున్నది కాస్తా ‘ఇట్ ఈజ్ బీన్ టూ ఇయర్స్’ అయి కూర్చుంది. అక్కడ రావాల్సింది ‘ఇట్ హ్యాజ్ బీన్’. ‘ఈ ఉద్యోగంలో రోజూ క్లయింట్లకు మెయిల్స్ రాయాలి. పంపేముందు ఒక్కసారి చదువుకోరా?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క వాక్యం వల్లే పోయిందని చెప్పను గానీ, ఆ గీత మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

తమాషా ఏమిటంటే, తర్వాత దొరికిన మొదటి ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం హెల్ప్ పేజీలు రాయాల్సి వచ్చింది. దెబ్బ తిన్నవాణ్ని కదా, బుద్ధిగా అన్నీ పూర్తి రూపాల్లో రాసిచ్చాను. మా ఎడిటర్ మేడమ్ చదివి, ‘ఇది కోర్టు నోటీసులా ఉంది. ఈ డు నాట్‌లన్నీ డోంట్‌లు చేసి తీసుకురండి’ అని తిప్పి పంపారు. ఒకచోట తీసేయమన్నదాన్నే ఇంకోచోట పెట్టమన్నారు. ఇద్దరూ చెప్పింది కరెక్టే. ఎందుకో తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. అప్లికేషన్లు, ఎస్ఓపీలు, హెచ్ఆర్‌లకు మెయిల్స్ రాసే దశలో ఉన్న మీకు అంత టైమ్ పట్టకూడదనే ఈ వ్యాసం.

మన తెలుగులో ఉన్నదే!

రెండు పదాలను కలిపి, కొన్ని అక్షరాలు ఎగరగొట్టి, ఆ ఖాళీలో అపాస్ట్రఫీ పెడితే అది కాంట్రాక్షన్. డు నాట్ కలిసి డోంట్, ఐ యామ్ కలిసి ఐమ్, వి విల్ కలిసి వీల్. ఇది కొత్త విద్యేమీ కాదు. ప్రిన్సిపాల్‌కు సెలవు చీటీ రాస్తే ‘రేపు కళాశాలకు రాలేకపోతున్నాను, సెలవు మంజూరు చేయగలరని మనవి’ అంటాం. అదే విషయం ఫ్రెండ్‌కు చెప్పాలంటే ‘రేపు రావట్లేదురా, అటెండెన్స్ చూస్కో’ అంటాం. ఈ తేడా మనకెవరూ క్లాసు పెట్టి నేర్పలేదు, చెవే చెప్పింది. ఇంగ్లిష్‌తో వచ్చిన చిక్కల్లా అదే. సగం పాఠ్యపుస్తకంలో నేర్చుకున్నాం, సగం సినిమాల్లో, రీల్స్‌లో విన్నాం. ఏది ఏ ఇంటి మాటో చెవికి తెలియదు.

రాతలో వాడుక రూపాలు ఉండొచ్చా అన్న తగువు కూడా అన్ని భాషల్లోనూ ఉన్నదే. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో ‘గలివర్స్ ట్రావెల్స్’ రాసిన జోనథన్ స్విఫ్ట్, పదాలను ఇలా కుదించేస్తే భాష పాడైపోతుందని 1712లోనే ఫిర్యాదు చేశాడు. కుదింపులు ఆగలేదు. కాకపోతే వాటికి ఉండాల్సిన చోటు, ఉండకూడని చోటు ఏర్పడ్డాయి.

ఇక్కడ వద్దు

కవరింగ్ లెటర్, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ప్రాజెక్టు రిపోర్టు, రీసెర్చ్ పేపర్, ఆఫర్ లెటర్‌కు ఇచ్చే అంగీకార పత్రం, యూనివర్సిటీకో ప్రభుత్వ కార్యాలయానికో రాసే దరఖాస్తు.. వీటిలో పూర్తి రూపాలే రాయండి. ఇవి ఫైల్లో ఉండిపోయే కాగితాలు. మిమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు చదువుతారు. రీసెర్చ్ పేపర్లకు చాలామంది పాటించే ఏపీఏ స్టైల్ కూడా పరిశోధన రాతల్లో కాంట్రాక్షన్లు వద్దనే చెబుతుంది.

రెజ్యూమెలో ఈ సమస్య దాదాపు రాదు. అక్కడ ‘ఐ’తో వాక్యాలు మొదలుపెట్టం. ‘డెవలప్డ్’, ‘డిజైన్డ్’, ‘టెస్టెడ్’ అని నేరుగా క్రియతోనే మొదలవుతుంది. మీ రెజ్యూమెలో అపాస్ట్రఫీలు ఎక్కువ కనిపిస్తున్నాయంటే, బుల్లెట్ పాయింట్లు రాయాల్సిన చోట కథ రాస్తున్నారని అర్థం.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. రైటింగ్‌కు ఇచ్చేది గంట. మొదటి టాస్క్‌లో కనీసం 150 పదాలు, రెండోదాంట్లో కనీసం 250 పదాలు రాయాలి. అకడమిక్ అయితే రెండింటిలోనూ కాంట్రాక్షన్లు మానేయడమే మేలు. జనరల్ ట్రైనింగ్‌లో మొదటి టాస్క్ ఉత్తరం. ప్రశ్నలో ఫ్రెండ్‌కు రాయమంటే ఐమ్, డోంట్, కాంట్ హాయిగా రాయొచ్చు. ఫ్రెండ్‌కు రాసే ఉత్తరంలో అన్నీ పూర్తి రూపాలే ఉంటే, టోన్ పట్టుకోలేకపోయారనే అనిపిస్తుంది. మేనేజర్‌కో, కంపెనీకో రాయమంటే మాత్రం పూర్తి రూపాలే. కాబట్టి పెన్ను పట్టేముందు ఉత్తరం ఎవరికో చూడండి.

ఇక్కడ పెట్టకపోతేనే తప్పు

టీమ్ చాట్, తోటి ఉద్యోగికి మెయిల్, లింక్డ్‌ఇన్‌లో సీనియర్‌కు చిన్న మెసేజ్, ఇంటర్వ్యూలో మాట్లాడే మాట.. ఇక్కడ కాంట్రాక్షన్లు లేకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒక్కోసారి కోపంగా కూడా వినిపిస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు చాట్‌లో ‘ఐ డిడ్ నాట్ డిలీట్ ద ఫైల్’ అని పెట్టాడు. పాపం, వాడు మర్యాదగా రాశాననుకున్నాడు. అవతల విదేశంలో ఉన్న లీడ్‌కు అది ‘నేను.. చేయ..లేదు!’ అని ఒత్తి పలికినట్టు అనిపించింది. ‘నిన్ను ఎవరూ అనలేదు కదా, ఎందుకంత సీరియస్?’ అని ఆయన అడిగితే వీడికి అర్థం కాలేదు. అక్కడ ‘డిడంట్’ అని రాసి ఉంటే మామూలు సమాధానంలా పోయేది. మామూలుగా కుదించే చోట పూర్తి రూపం వాడితే ‘నాట్’ మీద బరువు పడుతుంది. ఆ బరువు కావాలనుకున్నప్పుడే వాడండి.

పెద్ద కంపెనీల రాతలోనూ ఇదే ధోరణి. మైక్రోసాఫ్ట్, గూగుల్ తమ స్టైల్ గైడ్‌లలో కాంట్రాక్షన్లు వాడమనే చెబుతాయి. మనిషి మనిషితో మాట్లాడుతున్నట్టు ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం. టెక్నికల్ రైటర్, కంటెంట్ రైటర్, కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తుంటే ఇవి ఒకసారి చదవండి. ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి.

అలాగని అన్ని గైడ్‌లూ ఒకేమాట మీద లేవు. డోంట్, ఇజంట్ లాంటివి వాడమని గూగుల్ ప్రత్యేకంగా చెబుతుంది. గబగబా చదివేవాళ్లు విడిగా ఉన్న ‘నాట్’ను చూడకుండా దాటిపోవచ్చు, ‘డోంట్’ను మాత్రం ‘డు’ అని పొరబడటం కష్టం అన్నది వాళ్ల వాదన. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ గైడ్ సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. యూల్ లాంటివి ఫర్వాలేదు గానీ కాంట్, డోంట్ వద్దంటుంది. చాలామంది వాటిని వ్యతిరేకార్థంలో చదువుకుంటున్నారన్నది వాళ్ల కారణం. రెండు గైడ్‌లూ ఆలోచించింది ఒక్క విషయమే.. చదివే మనిషి ఎక్కడ పొరబడతాడని. మీరూ అదే ఆలోచించండి.

హెచ్ఆర్ మెయిల్ సంగతేంటి?

అందరికీ డౌట్ వచ్చేది ఇక్కడే. నేను పాటించే పద్ధతి చెబుతా. మొదటి మెయిల్ పూర్తి రూపాల్లో రాస్తాను. వాళ్ల జవాబు చూస్తాను. అవతలివాళ్లు ‘వీడ్ లైక్ టు షెడ్యూల్ ఎ కాల్’ అని రాశారంటే తలుపు కొంచెం తీసినట్టే. రెండో మెయిల్ నుంచి ఐల్, ఐవ్, డోంట్ లాంటివి ఒకటి రెండు రానిస్తాను. వాళ్లు పూర్తి రూపాల్లోనే రాస్తుంటే నేనూ అక్కడే ఆగుతాను.

ఎంత చనువు ఏర్పడినా గొన్నా, వాన్నా మాత్రం ఆఫీసు మెయిల్లోకి రానివ్వకండి. ‘యు’కు ఒక్క అక్షరం, ‘ప్లీజ్’కు మూడక్షరాలు రాయడం కాంట్రాక్షనే కాదు, అది చాటింగ్ అలవాటు. అలాగే ఒకే లెటర్‌లో మొదటి పేరాలో ‘ఐ యామ్’, రెండో పేరాలో ‘ఐమ్’ అని కలగాపులగం చేయొద్దు. రెండో పేరా ఎక్కడినుంచో కాపీ చేసినట్టు కనబడుతుంది.

ఎక్కువగా దొర్లే తప్పులు

* ఇట్స్ రెండు రకాలు: రెండూ పలకడానికి ఒకటే. అపాస్ట్రఫీ ఉంటే ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హ్యాజ్’. లేకపోతే ‘దాని’ అని అర్థం. ‘కంపెనీ అండ్ ఇట్స్ ప్రొడక్ట్స్’ అన్నప్పుడు అపాస్ట్రఫీ ఉండకూడదు. అనుమానం వస్తే అక్కడ ‘ఇట్ ఈజ్’ పెట్టి చదవండి. కుదరకపోతే అపాస్ట్రఫీ తీసేయండి. ‘యువర్’, ‘దెయిర్’ లాంటి పదాల్లోనూ ఇదే పరీక్ష పనిచేస్తుంది.

* వాక్యం చివర: ‘ఆర్ యు రెడీ?’ అంటే ‘యస్, ఐమ్’ అనకూడదు. ‘యస్, ఐ యామ్’ అనే అనాలి. ‘నాట్’తో కలిసినవి మాత్రం చివర్లో రావొచ్చు. ‘నో, ఐ కాంట్’ కరెక్టే.

* ప్రశ్నల్లో: ‘డోంట్ యు నో?’ను విడదీస్తే ‘డు యు నాట్ నో?’ అవుతుంది. ‘డు నాట్ యు నో?’ కాదు.

* కుడ్ ఆఫ్: ‘కుడ్ హ్యావ్’ కుదించి పలికితే చెవికి ‘కుడ్ ఆఫ్’లా వినిపిస్తుంది. విన్నది విన్నట్టు రాసేస్తే పెద్ద తప్పు. షుడ్, వుడ్ విషయంలోనూ ఇంతే.

* కాంట్, వోంట్: కాంట్‌కు పూర్తి రూపం ‘కెనాట్’. మామూలుగా ఒకే పదంగా, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. వోంట్ అంటే ‘విల్ నాట్’. చూడ్డానికి పోలిక లేదు కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిందే.

* ఐడ్: దీనికి రెండర్థాలు. ‘ఐడ్ లైక్’లో ఉన్నది ‘వుడ్’. ‘ఐడ్ ఫినిష్డ్’లో ఉన్నది ‘హ్యాడ్’. విడదీసేటప్పుడు తర్వాతి పదం చూడండి.

పంపేముందు రెండు నిమిషాలు

నాలా రీప్లేస్ ఆల్ కొట్టకండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి, వెతికే పెట్టెలో ఒక్క అపాస్ట్రఫీ టైప్ చేయండి. లెటర్‌లో ఉన్నవన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాని దగ్గర ఆగి చూడండి. ‘కంపెనీస్ వెబ్‌సైట్’లా ‘యొక్క’ అనే అర్థమిచ్చేదైతే వదిలేయండి. కాంట్రాక్షన్ అయితే, ఈ లెటర్ ఎవరికని ఆలోచించి ఉంచాలో విడదీయాలో తేల్చండి. విడదీస్తే ఆ వాక్యాన్ని పైకి చదవండి. నా ‘ఇట్ ఈజ్ బీన్’ను ఆ రాత్రి ఒక్కసారి పైకి చదివి ఉంటే నాకే పట్టుబడేది.

కంప్యూటర్‌లో వర్డ్ వాడేవాళ్లు ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి, రైటింగ్ స్టైల్ పక్కనున్న సెట్టింగ్స్ తెరిస్తే ఫార్మాలిటీ కింద ‘కాంట్రాక్షన్స్’ కనిపిస్తుంది. టిక్ పెట్టుకుంటే అదే గుర్తుచేస్తుంది. కానీ అది చెప్పిన ప్రతిదానికీ తల ఊపకండి. మీరు రాస్తున్నది ఫ్రెండ్‌కో, ప్రొఫెసర్‌కో దానికి తెలియదు.

ఇప్పుడు చిన్న పని. ఈ నెలలో మీరు పంపిన కవరింగ్ లెటర్ ఒకటి, లింక్డ్‌ఇన్ మెసేజ్ ఒకటి తెరవండి. మొదటిదాంట్లో కాంట్రాక్షన్లు ఎన్నున్నాయో, రెండోదాంట్లో ఎన్ని లేవో లెక్కపెట్టండి. తప్పు దొరికితే సిగ్గుపడాల్సిన పనిలేదు. ఇంటర్వ్యూ టేబుల్ మీద ఎవరో గీత గీసే బదులు, మీ గదిలో మీరే గీసుకున్నారు. రేపు పంపబోయేది ఇంకా మీ చేతిలోనే ఉంది.