కొవ్వొత్తి ఆరాక మొదలయ్యే పాఠం

పళ్లెంలో కొవ్వొత్తి నిలబెట్టి, చుట్టూ రంగు నీళ్లు పోస్తారు. వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీరు గ్లాసులోకి ఎగబాకుతుంది. ఎంత ఎక్కిందంటే, ఇంచుమించు అయిదో వంతు అంటారు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కదా! మంట ఆ ఆక్సిజన్‌ని వాడేసుకుంది, ఖాళీ అయిన చోటులోకి నీరొచ్చింది అని మాష్టారు ముగిస్తారు. ఉద్దేశ్యం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, నిర్ధారణ అంటూ రికార్డు నిండుతుంది. పీరియడూ అయిపోతుంది.

ఇందులో కంటికి కనిపించిందంతా నిజం. చెప్పిన కారణం మాత్రం తప్పు. శాస్త్రీయ పద్ధతి నేర్పడానికి ఈ ప్రయోగం ఇంత బాగా పనికొచ్చేది అందువల్లే. ఆ తప్పును మాష్టారు చెప్పనక్కర్లేదు, ఇంకో రెండు కొవ్వొత్తులిస్తే పిల్లలే పట్టుకుంటారు.

ఒక ఊహ నిజమో కాదో తేల్చాలంటే, అది నిజమైతే ఇంకా ఏమేం కనిపించాలో ముందే రాసుకోవాలి. ఏం కనిపిస్తే ఊహ వీగిపోయినట్టో కూడా రాసుకోవాలి. ఈ రెండో వాక్యం మన రికార్డుల్లో ఎక్కడా ఉండదు. శాస్త్రీయ పద్ధతికి ప్రాణం మాత్రం దానిలోనే ఉంది.

ఆక్సిజన్ తరిగిపోవడమే కారణమైతే, మంట వెలుగుతున్నంతసేపూ నీరు నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి. ఆరగానే ఆగిపోవాలి. గ్లాసు పక్కన కాగితపు స్కేలు అంటించి చూడండి. వెలుగుతున్నప్పుడు నీరు పెద్దగా కదలదు. మంట కొడిగట్టి ఆరిపోయే వేళకు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పైగా గ్లాసు బోర్లిస్తున్నప్పుడు అంచు కింద నుంచి బుడగలు బయటికి రావడం కూడా చాలాసార్లు కనిపిస్తుంది. నీళ్లలో కాస్త సబ్బు కలిపితే అవి ఇంకా తేలిగ్గా కంటపడతాయి. లోపల గాలి తరుగుతూ ఉంటే బయటికి బుడగలెందుకు రావాలి?

రెండో పరీక్ష ఇంకా సూటిది. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ ఎంతో అంతే. ఒక కొవ్వొత్తి వాడినా, మూడు వాడినా నీరు ఒకే ఎత్తుకు చేరాలి. మూడు వెలిగిస్తే త్వరగా ఆరిపోవచ్చు గానీ నీటిమట్టం మారకూడదు. చేసి చూస్తే, మంటలు పెరిగేకొద్దీ నీరు ఎక్కువగా ఎక్కుతుంది.

ఇక్కడ చురుకైన పిల్లలెవరో అడ్డుపడతారు. "మూడు కొవ్వొత్తులు పెడితే గ్లాసులో చోటు తగ్గిపోయింది కదా సార్! అందుకే నీరు పైకి కనిపిస్తోందేమో?" న్యాయమైన అభ్యంతరం. జవాబు చెప్పేకన్నా ఆ పిల్లలనే ఉపాయం ఆలోచించమనాలి. ఒకే ఎత్తున్న కొవ్వొత్తులు రెండుసార్లూ మూడేసి పెట్టి, మొదటిసారి ఒక్కటే వెలిగించి, రెండోసారి మూడూ వెలిగిస్తే సరి. ఆక్రమించిన చోటు మారలేదు, గ్లాసు మారలేదు, నీళ్లు మారలేదు. మారింది మంటల సంఖ్య ఒక్కటే. ఒక సమయంలో ఒక్క అంశాన్నే మార్చాలన్న సూత్రాన్ని నల్లబల్ల మీద రాసి వల్లె వేయించనక్కర్లేదు. ఆ అవసరం వాళ్లకే తెలిసొచ్చింది.

మరి అసలు కారణమేమిటి? మంట పైనుంచి గ్లాసు దించేటప్పుడే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. లోపలి పీడనం తగ్గగానే బయటి వాతావరణ పీడనం నీటిని గ్లాసులోకి నెడుతుంది. ఇదీ ఊహే కాబట్టి దీన్నీ పరీక్షించాలి. మంట లేకుండా వేడి మాత్రమే ఉంచితే సరిపోతుంది. గ్లాసును వేడినీళ్లలో ఉంచి, తీసి, లోపల తడి లేకుండా తుడిచి, వెంటనే నీళ్ల పళ్లెంలో బోర్లించండి. చల్లారేకొద్దీ నీరు కాస్తయినా ఎక్కుతుంది. ఇక్కడ మండింది ఏదీ లేదు.

లెక్క కూడా ఇదే చెబుతుంది. వాయువు ఘనపరిమాణం పరమ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. లోపలి గాలి సగటున 87 డిగ్రీల సెల్సియస్ ఉందనుకుందాం. అంటే 360 కెల్విన్. అది గది వేడికి, అంటే 27 డిగ్రీలకు, 300 కెల్విన్‌కు దిగితే ఆరో వంతు కుంచించుకుపోతుంది. ఆరో వంతు, అయిదో వంతు కంటికి దగ్గరదగ్గరే. కాకతాళీయంగా కుదిరిన ఈ పోలికే తప్పు వివరణకు ఇంత ఆయుష్షు పోసింది.

ఆక్సిజన్ వాటా అసలే లేదా? ఉంది గానీ చాలా తక్కువ. మూసిన గ్లాసులో మంట ఆక్సిజన్ మొత్తం అయిపోయేదాకా వెలగదు. దాదాపు 16 శాతం మిగిలి ఉండగానే ఆరిపోతుంది. ఖర్చయిన ఆ అయిదు పాళ్లకు బదులుగా మైనం మండి మూడు పాళ్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. నీటి ఆవిరి చల్లబడి ద్రవమవుతుంది. చివరికి నికరంగా తగ్గేది నూటికి రెండు పాళ్లలోపే.

గాలిలో ఆక్సిజన్ వాటాను నిజంగా కొలవాలంటే మంట వద్దు. బదులుగా వాయువును వదలని మార్పు కావాలి. తుప్పు అలాంటిది. పరీక్షనాళిక లోపలి గోడలు తడిపి, జిడ్డు లేని ఇనుప రజను చల్లి, నీళ్లలో బోర్లించి వదిలేయాలి. పక్కనే రజను లేని ఖాళీ నాళిక ఇంకొకటి ఉంచాలి. రోజూ ఒకే వేళకు నీటిమట్టం రాసుకుంటే, కొద్ది రోజుల్లో మొదటి నాళికలో నీరు అయిదో వంతు దాకా ఎక్కి ఆగిపోతుంది. ఇప్పుడు కొవ్వొత్తిని అడిగిన ప్రశ్నే ఇనుమునీ అడగాలి. రజను రెట్టింపు చేస్తే? నీరు త్వరగా ఎక్కుతుంది గానీ అక్కడే ఆగుతుంది. కొవ్వొత్తి తప్పిన పరీక్షలో ఇనుము నెగ్గింది.

ఫ్రాన్స్‌లో లావోయిజర్ చేసిందీ ఈ కోవలోనిదే. పాదరసాన్ని మూసిన గాలిలో 12 రోజులు వేడి చేసి, చల్లారాకనే కొలిచాడు. 50 ఘనపు అంగుళాల గాలి 42, 43కి దిగింది. పాదరసం మీద ఏర్పడిన ఎర్రని పొడిని మళ్లీ వేడి చేస్తే 7, 8 ఘనపు అంగుళాల వాయువు తిరిగొచ్చింది. ఈ వివరాలన్నీ 1789లో అచ్చయిన ఆయన రసాయనశాస్త్ర గ్రంథంలో ఉన్నాయి. పోయినదాన్ని తిరిగి రాబట్టి లెక్క సరిచూసుకోవడం ఆయన దగ్గర నేర్చుకోవలసిన పని.

ఇలా నేర్పడం మన బడుల్లో కుదిరేదేనా? మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా కుదురుతుందనే చూపింది. అక్కడి పుస్తకాల్లో ప్రయోగాలూ ప్రశ్నలూ ఉండేవి, జవాబులు ఉండేవి కావు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు, ప్రయోగం చేయించేవారు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర క్యాంపస్ ఏర్పరచుకున్న అగస్త్య ఫౌండేషన్ ప్రయోగ సామగ్రిని వాహనాల్లో పల్లె బడులకు తీసుకెళుతోంది. పరికరాల కొరత పెద్ద అడ్డంకి కాదు. 'సరైన ఫలితం' వస్తేనే మార్కులిచ్చే అలవాటే అడ్డంకి. ఆ భయంతోనే పిల్లలు పక్కవాడి రికార్డు చూసి అంకెలు దిద్దుకుంటారు.

మాష్టార్లు చేయవలసిన మార్పు చిన్నది. అగ్గిపుల్ల గీయకముందే రికార్డులో రెండు వాక్యాలు రాయించాలి: ఏం జరుగుతుందనుకుంటున్నాను, ఏం జరిగితే నా ఊహ తప్పు. ప్రయోగం కనీసం మూడుసార్లు చేయించి, మూడు అంకెలూ కొట్టివేతలు లేకుండా ఉంచమనాలి. అవి కలవకపోతే ఎందుకు కలవలేదో అడగాలి. ఊహ వీగిపోయిందని నిజాయితీగా రాసి, తర్వాత ఏం చేసి చూడాలో చెప్పిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయాలి.