టేపుచుట్టల్లో దాగిన పేర్లు

పాత మాన్యువల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మన పెద్దలకు ఆ దృశ్యం ఇంకా కళ్ళకు కట్టినట్లే ఉంటుంది. ఎదురుగా రంధ్రాల వరుసలతో పెద్ద బోర్డు, చేతిలో ప్లగ్గులు బిగించిన తీగలు, చెవులకు హెడ్‌ఫోను. తీగను తగిన రంధ్రంలో గుచ్చితే ఒక ఊరి మాట మరొక ఊరికి చేరేది. ఆ కుర్చీలలో కూర్చున్న ఆపరేటర్లలో స్త్రీలు ఎందరో ఉండేవారు. వారి గొంతు ఊరంతటికీ పరిచయమే గాని, పేరు మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

1969లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు అమెరికా నుంచి ఒక యంత్రం వచ్చింది. దాని ముందు భాగం కూడా ఇంచుమించు ఆ బోర్డు వలెనే ఉండేది: రంధ్రాలు, మీటలు, వాటిని కలిపే తీగలు. దాని పేరు మోగ్ సింథసైజర్. తీగలు కలిపితే అందులో మాటకు బదులు సంగీతం పుట్టేది. ఆ యంత్రంపై స్వరరచన చేసిన కొద్దిమంది భారతీయులలో ఒక స్త్రీ ఉన్నారు. ఆమె పేరు గీతా సారాభాయ్.

విద్యుత్తు నుంచి నాదం

ఎలక్ట్రానిక్ సంగీతమంటే విద్యుత్ స్పందనలను ధ్వనిగా మార్చి, ఆ ధ్వనులతో రచన చేయడం. సింథసైజరులో ఒక భాగం స్పందనలను పుట్టిస్తుంది. మరొకటి వాటిలో అక్కరలేని పౌనఃపున్యాలను వడగడుతుంది. వేరొకటి ధ్వని ఎంత వేగంగా పెరగాలో, ఎంత నెమ్మదిగా అణగాలో నిర్ణయిస్తుంది. వోల్టేజి హెచ్చితే శ్రుతి హెచ్చుతుంది. ఏ భాగాన్ని దేనితో కలపాలన్నది స్వరకర్త విజ్ఞత.

గీతా సారాభాయ్ 1922లో అహ్మదాబాదుకు చెందిన మిల్లు యజమానుల కుటుంబంలో జన్మించారు. అంతరిక్ష పరిశోధనకు ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ ఆమె సోదరుడు. స్త్రీలు పఖవాజ్ ముట్టుకోవడమే అరుదైన రోజులలో ఆమె ఆ వాద్యాన్ని అభ్యసించారు. 1946లో న్యూయార్క్ వెళ్ళి, జాన్ కేజ్ అనే యువ స్వరకర్త వద్ద పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఆయన రుసుము కోరలేదు. బదులుగా భారతీయ సంగీతం నేర్పమన్నారు. ఆ విధంగా ఒకరికొకరు గురువులయ్యారు.

సంగీత ప్రయోజనమేమిటని కేజ్ అడిగినప్పుడు, మనసును శాంతపరచి దైవానుగ్రహానికి పాత్రం చేయడమేనని తన గురువు చెప్పిన మాటను ఆమె వినిపించారు. కేజ్ ఆ మాటను జీవితాంతం స్మరించారు. 1952లో ఆయన ఒక్క స్వరమూ వాయించని రచన చేశారు. సభలో సహజంగా వినవచ్చే ధ్వనులే అందులో సంగీతం. దానిని తొలిసారి వేదికపై ప్రదర్శించిన పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్. 1969లో అహ్మదాబాదు వచ్చి ఎలక్ట్రానిక్ స్టూడియోను నెలకొల్పినది ఆ ట్యూడరే. అమెరికాకు వెళ్ళిన మాట యంత్రంగా తిరిగి వచ్చిందని అనుకోవచ్చు.

1972 వరకు ఆ స్టూడియోలో రచనలు జరిగాయి. తరువాత ఆ టేపులు సంస్థ భాండాగారంలో దశాబ్దాల తరబడి నిద్రించాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికి తీయగా, 2023లో అవి ఆల్బమ్‌గా వెలువడ్డాయి. అందులో గీతా సారాభాయ్ రచన కూడా ఉంది. కాని దానిని విని ఆనందించడానికి ఆమె లేరు, 2011లోనే కన్నుమూశారు.

పని ఒకరిది, పేరు మరొకరిది

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. 1956లో హాలీవుడ్ చిత్రం ‘ఫర్‌బిడెన్ ప్లానెట్’కు బెబె బారన్ తన భర్త లూయీతో కలిసి పూర్తి ఎలక్ట్రానిక్ సంగీతం సమకూర్చారు. తెరపై మాత్రం దానిని ‘సంగీతం’ అని వేయలేదు, ‘ఎలక్ట్రానిక్ ధ్వనులు’ అన్న అర్థం వచ్చే మాటతో సరిపెట్టారు.

1958లో బీబీసీలో రేడియోఫోనిక్ వర్క్‌షాపు ఏర్పడడానికి కారకులైన వారిలో డాఫ్నీ ఓరమ్ ఒకరు. మరుసటి ఏడాదే ఆమె ఉద్యోగం వదలి, ఫిల్ము రీళ్ళపై గీసిన గీతలను ధ్వనులుగా మార్చే యంత్రాన్ని సొంతంగా రూపొందించే పనికి పూనుకున్నారు. అదే వర్క్‌షాపులో 1963లో డెలియా డెర్బీషైర్ ‘డాక్టర్ హూ’ ధారావాహికకు ముఖగీతం సిద్ధపరిచారు. రాన్ గ్రైనర్ కాగితంపై వ్రాసి ఇచ్చిన బాణీలోని ఒక్కొక్క స్వరాన్ని విడిగా టేపుపై ముద్రించి, టేపు వేగాన్ని మార్చి శ్రుతి చేసి, బ్లేడుతో కోసి, వరుసగా అతికించారు. విని విస్తుపోయిన గ్రైనర్ తనతో పాటు ఆమె పేరునూ స్వరకర్తగా వేయమని కోరినా సంస్థ నియమాలు ఒప్పుకోలేదు. ఆమె పేరు తెరపైకి వచ్చినది 2013లో. అప్పటికి ఆమె మరణించి పన్నెండేళ్ళు.

1977లో అంతరిక్షానికి వెళ్ళిన వోయేజర్ నౌకల బంగారు పళ్ళెంలో మన కేసర్‌బాయి కేర్కర్ గానం ఉంది. గ్రహగతుల గురించిన కెప్లర్ భావనను లారీ స్పీగెల్ కంప్యూటరుతో నాదంగా మార్చిన రచన కూడా ఉంది. అయితే కేసర్‌బాయి పాటను సంగీత విభాగంలో, స్పీగెల్ రచనను ‘భూమిపై ధ్వనులు’ విభాగంలో చేర్చారు.

మన తెలుగునాట గాయనీమణులకు కొదవ లేకున్నా, స్వరకర్తగా స్త్రీ పేరు తెరపై కనిపించడం అరుదే. సావిత్రి దర్శకత్వంలో 1968లో వచ్చిన ‘చిన్నారి పాపలు’కు పి. లీల సంగీతం సమకూర్చారు. 1990లలో ఎం.ఎం. శ్రీలేఖ సంగీత దర్శకురాలిగా నిలదొక్కుకున్నారు. నేడు ఆరుషి జైన్ వంటి యువ స్వరకర్తలు హిందుస్థానీ రాగాలను సింథసైజరుపై పలికిస్తున్నారు. గీతా సారాభాయ్ వేసిన బాట పూర్తిగా మూసుకుపోలేదన్నమాట.

మన ద్వీపాల మాట

ఈ కథకూ మనమున్న అండమాన్ దీవులకూ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. 1906-08 మధ్య ఇక్కడ పరిశోధించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, 1922లో వెలువరించిన గ్రంథంలో ఆదివాసుల పాటను వర్ణించారు. పాట కట్టినవాడు డాలు ఆకారపు చెక్కపలకపై పాదంతో తాళం వేస్తూ పాడేవాడు. అంతకు ముందే ఒకరిద్దరు స్త్రీలకు పల్లవి నేర్పేవాడు. వారు తక్కిన స్త్రీలను నడిపించేవారు. పాటను మోసిన ఆ స్త్రీల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

అందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఇక్కడిదే. గ్రేట్ అండమానీయులలో ‘బో’ భాష తెలిసిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించారు. అప్పటికే భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆమె మాటను, పాటను ముద్రించి భద్రపరిచారు. భాష పోయినా గొంతు మిగిలింది. ఆ గొంతు ఎవరిదో లోకానికి తెలిసింది. ముద్రించిన ధ్వనికి పేరు జోడించడం ఎంత పెద్ద పనో దీనివలన గ్రహించవచ్చు.

2020 ఆగస్టు 10న ప్రారంభమైన సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ వలన నేడు శ్రీ విజయపురంలో కూర్చునే అహ్మదాబాదు టేపులను వినవచ్చు. 2024లో పేరు మారక మునుపు పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న ఈ పట్టణంలో ధ్వనులకు లోటు లేదు: ఫీనిక్స్ బే రేవులో ఓడ కూత, 1883 నాటి చాతం కోతమిల్లు రంపపు రొద, రేకుల కప్పుపై నైరుతి వాన, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో అమ్మమ్మలు పాడే జోలపాట. ఒకనాడు స్టూడియోకే పరిమితమైన ధ్వనిముద్రణ, కోత, అతుకు పనులన్నీ నేడు చేతిలోని ఫోనుతోనే సాధ్యం. అయితే ఆదివాసుల రక్షిత ప్రాంతాల జోలికి మాత్రం పోరాదు. 1956 నాటి రక్షణ నిబంధనను గౌరవించడం మన విధి.

ఈ సెలవులలో మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పది ధ్వనులు సేకరించి ఒక చిన్న రచన చేసి చూడాలని మనవి. అది వినడానికి వింతగా ఉంటే పెద్దలు నవ్వి ఊరుకోకుండా ఇంకొకసారి వినాలి. పిల్లలు కూడా ఒక పని మరువరాదు. ప్రతి ముద్రణకూ తేదీ, స్థలం, పాడినవారి పేరు, కూర్చినవారి పేరు వ్రాసి ఉంచాలి. అమ్మమ్మ జోలపాటైతే ‘అమ్మమ్మ’ అని వ్రాసి వదలకుండా, ఆమె పూర్తి పేరు అడిగి తెలుసుకొని వ్రాయాలి.