పొట్టకు కత్తెర... ఎవరికి ఏది?

బరువు తగ్గించే ఆపరేషన్ అంటే ఒక్కటే కాదు. స్లీవ్, బైపాస్, మినీ బైపాస్, బ్యాండ్... చాలానే ఉన్నాయి. పక్కింటాయనకు సరిపోయిందే మనకూ సరిపోవాలని లేదు!

పొద్దున్నే నడకైంది. రాత్రిపూట జొన్నరొట్టె అయింది. ఉపవాసాలూ అయ్యాయి. పది కిలోలు తగ్గడం, పండగలు వెళ్లేసరికి పన్నెండు పెరగడం... ఏటా ఇదే తంతు. చివరికి ఓ రోజు ‘పోనీ, ఆపరేషన్ చేయించుకుంటే?’ అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది. అంతే, తలో సలహా మొదలు. ‘స్లీవ్ తేలికట వదినా’ అంటుంది ఆడపడుచు. ‘బైపాస్ అయితే షుగర్ కూడా పోతుందట బావా’ అంటాడు బావమరిది. ‘ఇన్ని ఎందుకురా, ఆ కొవ్వు కాస్తా తీసేయమంటే పోలా?’ అంటుంది నానమ్మ.

నానమ్మ చెబుతున్నది లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును లాగేసి ఒంటి తీరును చక్కదిద్దే చికిత్స అది. బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీలో అసలు కొవ్వు జోలికే వెళ్లరు. మార్చేది జీర్ణాశయాన్ని, కొన్నింటిలో పేగుల దారిని కూడా. ఇక ఆడపడుచు, బావమరిది చెప్పినవాటిలో ఏది నయం? దానికి జవాబు ఎన్ని కిలోలు తగ్గుతామన్న లెక్కలో కన్నా మన ఒంట్లో ఇప్పటికే ఉన్న ఇబ్బందుల్లోనే ఎక్కువగా ఉంటుంది.

అల్సర్ నేర్పిన పాఠం

ఈ కథ అల్సర్‌తో మొదలైంది. అల్సర్ కోసం జీర్ణాశయంలో కొంత తీసేసినవారు మళ్లీ ఒళ్లు చేయలేకపోతున్నారని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ గమనించారు. అదే సూత్రంతో 1966లో సహచరుడు చికాషి ఇటోతో కలిసి గ్యాస్ట్రిక్ బైపాస్‌కు శ్రీకారం చుట్టారు. అప్పట్లో పొట్టను నిలువునా కోయాల్సి వచ్చేది. 1990ల్లో లాపరోస్కోపీ వచ్చాక నాలుగైదు చిన్న రంధ్రాలతోనే పని జరిగిపోతోంది.

స్లీవ్: సంచి కాస్తా గొట్టం

తిత్తిలా ఉండే జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి 75-80 శాతం తీసేస్తారు. అరటిపండులాంటి సన్నని గొట్టం మిగులుతుంది. పేగుల్ని కదపరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. అందుకే పొట్టతోపాటు ఆకలీ తగ్గుతుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా చేస్తున్నది ఈ ఆపరేషనే.

చిక్కేమిటంటే, తీసేసింది తిరిగి రాదు. సన్నని గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి ఎగదన్నే అవకాశం ఎక్కువ. గుండెల్లో మంటతో ఇప్పటికే సతమతమయ్యేవారు స్లీవ్‌కు ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

బైపాస్: అన్నానికి అడ్డదారి

ఊరి రద్దీ తగలకుండా వేసే బైపాస్ రోడ్డులాంటిదే ఇది. జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు పట్టే చిన్న సంచిని వేరుచేసి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది కానీ తిన్నది అటు వెళ్లదు. పేగుల్లో వచ్చే హార్మోన్ల మార్పు వల్ల చాలామందిలో బరువు తగ్గకముందే, రోజుల్లోనే షుగర్ దిగుతుంది. అయితే ‘షుగర్ పోతుంది’ అనుకోవద్దు. అదుపులోకి వస్తుంది, మళ్లీ తిరిగి రావచ్చు కూడా. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఫలితం తక్కువ.

సిగరెట్ మానలేనివారికి, రోజూ నొప్పుల మాత్రలు మింగేవారికి కలిపిన చోట అల్సర్లు వచ్చే ముప్పుంది. తీపి ఎక్కువ తింటే గుండె దడ, చెమటలు పట్టొచ్చు.

1997లో అమెరికా సర్జన్ రాబర్ట్ రట్లెడ్జ్ మొదలుపెట్టిన మినీ బైపాస్‌లో రెండు చోట్లకు బదులు ఒక్కచోటే కలుపుతారు. సమయం తక్కువ పడుతుంది. కాకపోతే పైత్యరసం పైకి తన్నే అవకాశముంది.

సిలికాన్ పట్టీతో జీర్ణాశయాన్ని బిగించే బ్యాండ్ ఒకప్పుడు జోరుగా సాగింది. జారిపోవడం, మళ్లీ తీసేయాల్సి రావడంతో ఇప్పుడు బాగా తగ్గిపోయింది. డుయోడినల్ స్విచ్‌తో బరువు అన్నిటికన్నా ఎక్కువ తగ్గుతుంది, పోషకాల లోటూ అంతే ఎక్కువ.

తేడా మూడు కిలోలే!

ఫిన్లాండ్‌లో 240 మందిని లాటరీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి ఒకరికి స్లీవ్, మరొకరికి బైపాస్ చేశారు. పదేళ్ల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉండాల్సినదాని కన్నా అదనంగా ఉన్న బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ వాళ్లు 50.7 శాతం తగ్గారు. అంటే 40 కిలోలు అదనంగా ఉన్న మనిషికి ఒకదాంతో 17, మరోదాంతో 20 కిలోలు. తేడా మూడు కిలోలే! కానీ ఆమ్లం వల్ల అన్నవాహిక దెబ్బతిన్నవారు స్లీవ్ జట్టులో 31 శాతం, బైపాస్ జట్టులో 7 శాతం. తూకం వేయాల్సింది ఇక్కడే.

ఎవరికి అవసరం?

1991 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 40 దాటాలి, జబ్బులుంటే 35 చాలు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని సవరించాయి. జబ్బులున్నా లేకున్నా 35, ఆసియావాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 35 అంటే సుమారు 95 కిలోలు. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన వారానికో ఇంజెక్షన్ గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయానికి రావడం మేలు.

వంటింట్లోనే అసలు పరీక్ష

మొదట్లో పల్చటి మజ్జిగ, పప్పుకట్టులాంటి ద్రవాలే. తర్వాత మెత్తటివి, ఆపైన మామూలు భోజనం... అదీ పిడికెడే. ముందు పప్పు, గుడ్డు, పనీర్, ఆ తర్వాతే అన్నం. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్-డి ఏడాదికేడాది పరీక్షించుకోవాలి. శాకాహారులు బీ12ను అస్సలు మరవకూడదు. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. లీకు, రక్తస్రావం, రక్తం గడ్డకట్టడంలాంటివి అరుదే కానీ అసలే ఉండవని కాదు.

సంతకానికి ముందు ఇవి అడగండి

* నా షుగర్‌కు, నా గుండెల్లో మంటకు ఏది నప్పుతుంది? ఎందుకు?
* ముందుగా ఎండోస్కోపీ చేస్తారా?
* ఈ ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తున్నారు?
* అయిదేళ్ల తర్వాత కూడా నన్ను పరీక్షించేదెవరు? మాత్రలకు, పరీక్షలకు ఏటా ఎంతవుతుంది?

ఈ జవాబులు ఇంటిల్లిపాదీ కూర్చుని వినాలి. ఎందుకంటే... ఆపరేషన్ ఒక్కపూటే. దాంతో కాపురం జీవితాంతం!