డోలుకో మైకు, కీక్రికో మైకు

ఒక డోలు, ఒక కీక్రి, ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు. ఈ మూడింటినీ కలిపి మీ బడిలో రికార్డు చేయాలనుకుందాం. మైకు ఎక్కడ పెట్టాలి? “మధ్యలో ఒకటి పెడితే సరి” అంటారేమో! అలా పెడితే ఏమవుతుందో ముందు చూద్దాం.

కీక్రినే కొందరు కింగ్రి అంటారు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండుల వంశగాథలు పాడే పర్ధాన్లు దీన్ని కమానుతో వాయిస్తారు. దీని స్వరం మెత్తనిది. డోలు అలా కాదు. గోండుల దండారిలోనైనా, కరీంనగర్ వైపు ఒగ్గుకథలోనైనా డోలు దెబ్బ చాలా దూరం వినిపిస్తుంది. కీబోర్డు ఈ రెండింటికీ భిన్నం. అందులో మోగే తీగా లేదు, తోలూ లేదు. దానిలో పుట్టేది విద్యుత్ సంకేతం. లౌడ్‌స్పీకరు దాన్ని ధ్వనిగా మారుస్తుంది. శబ్దం పెంచితే ఎంత గట్టిగానైనా మోగుతుంది. కాబట్టి మధ్యలో ఒక్క మైకు పెడితే డోలు, కీబోర్డు నిండుగా పడతాయి. కీక్రి వాటి అడుగున అణగిపోతుంది. తర్వాత విన్నవాళ్లకు అక్కడ కీక్రి ఉన్నదనే తెలియదు.

రెండు రకాల చెవులు

మైకు పని ధ్వనిని విద్యుత్తుగా మార్చడం. ఇందుకు ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది డైనమిక్ మైకు. ఇందులో ఒక పలుచని పొర, దానికి అంటుకొని సన్నని తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం ఉంటాయి. ధ్వని తగిలి పొర కదిలితే తీగచుట్ట కూడా కదులుతుంది. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న సంగతి మీరు చదివే ఉంటారు. ఈ మైకు గట్టిది. డోలు దగ్గర పెట్టినా తట్టుకుంటుంది. కాని తీగచుట్ట బరువును కూడా మోయాలి కనుక పొర మరీ సున్నితమైన కంపనాలకు చురుకుగా స్పందించలేదు.

రెండవది కండెన్సర్ మైకు. దీన్ని 1916లో అమెరికాలో ఇ.సి. వెంటె రూపొందించాడు. లోహపు పూత ఉన్న తేలికైన పొర, దాని వెనుక ఒక పలక ఉంటాయి. పొర కంపించినప్పుడు ఆ రెండింటి మధ్య దూరం మారుతుంది. ఆ మార్పే విద్యుత్ సంకేతం అవుతుంది. కమాను తీగను రాసే సన్నని రాపిడి కూడా ఇందులో చక్కగా పడుతుంది. అయితే దీనికి విద్యుత్తు అందించాలి. రికార్డింగ్ గదులలో సాధారణంగా 48 వోల్టులు ఇస్తారు. డోలుకు మరీ దగ్గర పెడితే కొన్ని కండెన్సర్ మైకులు ఆ జోరును తట్టుకోలేవు, ధ్వని చిట్లిపోతుంది.

కనుక డోలుకు డైనమిక్, కీక్రికి కండెన్సర్. మరి కీబోర్డుకు? దానికి మైకే అవసరం లేదు! అక్కడ ఉన్నది ముందే విద్యుత్ సంకేతం కదా. దాన్ని లౌడ్‌స్పీకరులో ధ్వనిగా మార్చి, మళ్లీ మైకుతో విద్యుత్తుగా మార్చడం ఎందుకు? కేబులు ద్వారా నేరుగా మిక్సరుకు పంపవచ్చు. వాయించేవాళ్లు హెడ్‌ఫోనులో వింటారు. అప్పుడు స్పీకరు శబ్దం కీక్రి మైకులో దూరదు.

దూరం చేసే లెక్క

మంచి మైకు కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. ఆరుబయట ధ్వని తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. కీక్రికి 1 మీటరు దూరంలో ఉన్న మైకును 25 సెంటీమీటర్లకు తెస్తే, అందే తీవ్రత సుమారు 16 రెట్లు పెరుగుతుంది. 3 మీటర్ల దూరంలో ఉన్న డోలు శబ్దం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల ఈ లెక్క కొంత మారినా సూత్రం ఒక్కటే.

ఇంకొక చిక్కు ఉంది. ఒకే డోలు దెబ్బ రెండు మైకులను చేరుతుందనుకోండి. ఒక దారి రెండో దారికన్నా 34 సెంటీమీటర్లు ఎక్కువ. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కనుక రెండో మైకుకు అది సెకనులో వెయ్యో వంతు ఆలస్యంగా అందుతుంది. రెంటినీ కలిపినప్పుడు సెకనుకు 500 కంపనాలున్న స్వరంలో ఒక తరంగపు శిఖరం మరొకదాని లోయ మీద పడుతుంది. రెండూ దాదాపు సమాన బలంతో ఉంటే ఆ స్వరం మాయమవుతుంది! అందుకే వాద్యానికీ దాని మైకుకూ ఎంత దూరమో, మైకుకూ మైకుకూ మధ్య దానికి కనీసం 3 రెట్లు ఉండాలని రికార్డింగ్ చేసేవారు నియమం పెట్టుకున్నారు.

మీరూ చేసి చూడండి

నేటి సెల్‌ఫోను మైకు కూడా సాధారణంగా కండెన్సర్ సూత్రం మీదే పనిచేస్తుంది. ఒక మిత్రుణ్ణి డప్పు కొట్టమనండి. 3 మీటర్ల అవతల మరొకరిని మెల్లగా పాడమనండి. ఫోనును మొదట ఇద్దరి మధ్య, తర్వాత పాడేవారికి ఒక జానెడు దూరంలో పెట్టి రికార్డు చేయండి. రెండూ విని పోల్చండి.

ఇది ఆటగా కనిపించినా ఇందులో పెద్ద బాధ్యత ఉంది. హన్మాజీపేట ఒగ్గుకథకుడు మిద్దె రాములు ఇప్పుడు లేరు. 2021లో పద్మశ్రీ అందుకున్న మర్లవాయి గుస్సాడీ కళాకారుడు కనక రాజు 2024లో కన్నుమూశారు. పెద్దలు వెళ్లిపోయాక వారి విద్య ఎలా వినిపించేదో మనకు చెప్పేది రికార్డులే. కీక్రి వినిపించని రికార్డు రేపటి పిల్లలకు అబద్ధం చెబుతుంది. మీ ఊళ్లో కథ చెప్పే తాతయ్య ఉంటే, ఆయన అనుమతి తీసుకొని రికార్డు చేయండి. మీట నొక్కే ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకొని వినండి. అన్నిటికన్నా మెల్లగా వినిపించేది ఏదో గుర్తించి, మొదటి మైకు దాని దగ్గర పెట్టండి.