ముందు చెఱసాల, పిదప పాఠశాల

నేరము చేసిన బాలునకు శిక్ష విధింపవలెనా, శిక్షణ మొసంగవలెనా యను ప్రశ్న క్రొత్తది కాదు. విక్టోరియా రాణి కాలమున ఆంగ్లదేశము దీనికి చెప్పిన సమాధానమును మన పాఠకులు విచారింపదగును.

1854వ సంవత్సరమునకు పూర్వము జేబులు కత్తిరించిన పిల్లవాడును, ఆఱితేరిన దొంగయు తఱచుగా ఒకే కారాగృహమున నుండెడివారు. ఆ యేట పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి, పదునాఱేండ్లు నిండని నేరస్థుని న్యాయాధికారి సంస్కరణ పాఠశాలకు పంపవచ్చును. కాని బాలుడు ముందుగా కనీసము 14 దినములు చెఱసాలలో నుండి తీరవలెను. పిదప పాఠశాలలో రెండు మొదలు అయిదేండ్లు! అల్పమైన దొంగతనమునకు పెద్దవాడు కొలది వారములలో విడుదల పొందుచుండగా, బాలుడు సంస్కారము పేర ఏండ్ల తరబడి తల్లిదండ్రులకు దూరమగుచుండెను. పైగా వాని పోషణకై వారినుండి వారమునకు అయిదు షిల్లింగుల వఱకు వసూలు చేయుటకును చట్టము వీలు కల్పించెను.

బ్రిస్టలు సమీపమున 1852లో కింగ్సువుడ్ పాఠశాలను, 1854లో ఆ నగరముననే బాలికలకై రెడ్ లాడ్జిని నెలకొల్పిన మేరీ కార్పెంటరు ఈ ముందు చెఱను గట్టిగా నిరసించెను. బాలునకు కావలసినది కుటుంబమువంటి యాశ్రయమే కాని కారాగృహము కాదని యామె వాదము. దండన లేనిచో నేరమునకు బహుమాన మిచ్చినట్లగునని ప్రతిపక్షుల వాదము. 1866లో ఆ గడువు 10 దినములకు తగ్గెను. 1899లో గాని పూర్తిగా తొలగలేదు. ఒక్క తప్పు దిద్దుకొనుటకు 45 సంవత్సరములు పట్టెను!

ఈ పాఠశాలలలో సేద్యము, వడ్రంగము, చెప్పులు కుట్టుట మున్నగునవి నేర్చి బాగుపడినవారు లేకపోలేదు. ఐనను నిర్బంధమెట్టి ఫలము నిచ్చునో తెలుపు నిదర్శనమును కలదు: మెర్సీ నదిలో నిలిపిన క్లారెన్సు అను సంస్కరణ నౌకను 1884లో అందలి బాలురే తగులబెట్టిరి.

ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. కార్పెంటరు 1866లో మన దేశమునకు వచ్చి కారాగృహములను చూచెను. 1876లో ఇచటను సంస్కరణ పాఠశాలల చట్టము వెలసెను. స్వతంత్ర భారతమున 2015 నాటి చట్టము, ఘోరనేరము మోపబడిన పదునాఱు నిండిన బాలురను పెద్దలవలె విచారించుటకు దారి తెఱచినది. నేరమునకు గుఱియైనవారి వేదనను మేము తక్కువ చేయము. కాని ముందు దండించి పిదప దిద్దుదమనువారు ఆ 45 సంవత్సరముల చరిత్రను ఒకపరి పరిశీలింపవలెనని మా మనవి. చెఱ నేర్పిన పాఠమును మఱపించుటయే బడికి మొదటి పని యగునేని, ఆ చెఱ యెందులకు?